నలభై ఎనిమిదిలో నూట ముప్పై

ఆ పెద్దాసుపత్రి రెండో అంతస్తులో, మెట్ల పక్కన, కిటికీ లేని గది ఒకటుంది. బయట ఎండ మండిపోతున్నా లోపల చలి. ఆ చలి మనుషుల సుఖం కోసం కాదు, యంత్రాల కోసం. అందుకే అందులో పనిచేసే మనిషి నడివేసవిలో కూడా బూడిదరంగు స్వెటరుతో బయటికొచ్చేవాడు. కొత్తగా చేరిన నర్సులు ఆయనకి చలిజ్వరమనుకొని వార్డు ఎటో చెయ్యి చూపించేవాళ్ళు. పాతవాళ్ళు మాత్రం డిస్కులాయన అనేవాళ్ళు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు.

ఏడేళ్ళ క్రితం ఆ గదిలో ఆ పెట్టెని దింపించి నిలబెట్టింది ఆయనే. అంతకుముందు ఆసుపత్రిలో ఏ విభాగం సర్వరు ఆ విభాగానిదే, దాని డిస్కులు దాని కడుపులోనే. ఎక్స్‌రే వాళ్ళ డిస్కు నిండిపోయి వాళ్ళు లబోదిబోమంటుంటే, పక్కగదిలో మందుల స్టోరు వాళ్ళ డిస్కు ముప్పాతిక ఖాళీగా గుర్రుపెట్టి నిద్రపోతుండేది. ఒకరి ఖాళీ ఇంకొకరికి అక్కరకొచ్చేది కాదు. ఈ గోల వదలాలంటే దారి ఒకటే. డిస్కులన్నిటినీ ఒక్క పెట్టెలో పోగెయ్యాలి, ఎవరికెంత కావాలో అంత వాటా సాఫ్ట్‌వేరుతో గీసివ్వాలి. అప్పుడు ప్రతి సర్వరూ తనకో సొంత డిస్కు ఉందనే అనుకుంటుంది. నిజానికి అలాంటి డిస్కు ఎక్కడా ఉండదు, ఉమ్మడి పెట్టెలో గీసిన గీత మాత్రమే ఉంటుంది.

ఆ పని ఆయన పదకొండు రోజుల్లో చేశాడు. ఇరవై నాలుగు డిస్కులు, ఒక్కోటి నాలుగు టెరాబైట్లు, వాళ్ళ భాషలో టీబీలు, మొత్తం తొంభై ఆరు. ఏ డిస్కు చచ్చినా రోగుల కాగితాలు పోకూడదని ప్రతిదానికీ రెండో కాపీ పెట్టాడు. దాంతో సగం పోయి నలభై ఎనిమిది మిగిలింది. ప్రతి కేబులుకీ రెండు చివర్లా గుండ్రంగా రాసిన లేబుళ్ళు అంటించాడు. పన్నెండో రోజు ఒక డిస్కుని నడుస్తుండగానే చేత్తో పీకి చూశాడు. కింద ఎక్స్‌రే గదిలో ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. ఆ రోజు ఆయన ఒంటరిగా ఆ గదిలో నిలబడి నవ్వుకున్నాడు. అంత తృప్తిగా నవ్వుకోవడం ఆయనకి మళ్ళీ ఎప్పుడూ కుదరలేదు.

తర్వాత మొదలైంది వాటాల తంతు. ఎక్స్‌రే వాళ్ళకి అరవై కావాలట. రక్తపరీక్షల వాళ్ళకి ఇరవై, రోగుల రికార్డులకి పాతిక, మందుల స్టోరుకి పదిహేను, ఆఫీసుకి పది. "మాకు ఇరవై టీబీలు ఇవ్వాల్సిందే" అని రక్తపరీక్షలాయన వరండాలో అరిస్తే, బెంచీ మీద దగ్గుతూ కూర్చున్న రోగి ఒకడు గాభరాగా లేచి నిలబడ్డాడు. అన్నీ కలిపితే నూట ముప్పై. పెట్టెలో ఉన్నది నలభై ఎనిమిది.

డిస్కులాయన కాగితం పట్టుకొని పైఅధికారి దగ్గరికి పరిగెత్తాడు. ఆ అధికారికి ఆసుపత్రంతా చూద్దాంగారని పేరు. జీతం పెంపైనా, పంపు మరమ్మతైనా, గోడ కూలుతోందన్నా ఆయన నోట వచ్చేది ఆ ఒక్క మాటే. కానీ ఆ రోజు మాత్రం ఆ మాట కాస్త ఆలస్యంగా వచ్చింది.

"అడిగినంతా చూపించవయ్యా," అన్నాడు.

"లేనిది ఎలా చూపిస్తానండీ?"

"నీ సాఫ్ట్‌వేరు చూపిస్తుందిట కదా. మొన్న అమ్మడానికొచ్చినవాళ్ళే చెప్పారు. వాళ్ళేమన్నా రేపే అరవై నింపేస్తారా? నిండేనాటికి చూద్దాం."

ఇందులో మోసమేమీ లేదు, లోకమంతా చేసేదే. యాభై సీట్ల బస్సుకి రెండొందల మందికి పాసులిస్తారు, అందరూ ఒకే ట్రిప్పులో ఎక్కరని. కాకపోతే జనం పెరుగుతుంటే బస్సులూ పెంచాలి. అక్కడే ఉంది తిరకాసు. డిస్కులాయన నూట ముప్పై గీశాడు, గీసిన కాగితం మీద సంతకం పెట్టాడు. చూద్దాంగారు చెప్పింది నోటిమాట. కాగితం మీద ఉన్న సంతకం మాత్రం ఒక్కరిదే.

మూడేళ్ళు హాయిగా గడిచింది. నాలుగో ఏడు పెట్టె నూటికి ఎనభై వంతులు నిండింది. కొత్త డిస్కులు కావాలని ఆయన అర్జీ రాశాడు. కమిటీ కూర్చుంది. ఎక్స్‌రే విభాగంలో తెర తెరిచి చూశారు: అరవైలో ఇరవై రెండు వాడారు, ముప్పై ఎనిమిది ఖాళీ. రక్తపరీక్షల్లో పధ్నాలుగు ఖాళీ. "ఇంత చోటు పెట్టుకొని ఇంకా డిస్కులా?" అని కమిటీలో ఒకావిడ ముక్కున వేలేసుకుంది. ఆ ఖాళీ ఉత్తుత్తిదని చెబితే చూపించిందెవరని అడుగుతారు. డిస్కులాయన చూద్దాంగారి మొహంలోకి చూశాడు. చూద్దాంగారు కిటికీలోకి చూశాడు. అరచేతిలో వైకుంఠం చూపించినవాడికి ఆ అరచెయ్యే అడ్డొచ్చింది.

ఆ తర్వాత ఇంకో ఎనిమిది అర్జీలు రాశాడు. ఎనిమిదింటికీ అదే జవాబు. రాసి రాసి విసిగి, ఊడవడం మొదలుపెట్టాడు.

ఊడవడమంటే ఆయన పెట్టుకున్న మాట. విభాగాల్లో ఎవరైనా ఒక ఫైలు తుడిచేస్తే వాళ్ళ తెర మీద చోటు తిరిగొస్తుంది గానీ, ఉమ్మడి పెట్టెలో రాదు. ఈ చోటు ఇంక అక్కర్లేదట అని పెట్టెకి ఎవరో చెప్పాలి. ఒకే మోకాలి ఫోటో ఆరు కాపీలుంటే ఐదు పీకెయ్యాలి. పాత నకళ్ళని తీసెయ్యాలి. పొద్దున ఏడింటికి రెండు గంటలు, సాయంత్రం ఐదింటికి రెండు గంటలు. రోజూ ఊడిస్తే పెట్టె నూటికి తొంభై ఐదు దగ్గర నిలబడుతుంది. మానేస్తే రోజుకి రెండు చొప్పున పెరుగుతుంది. అంటే మూడో రోజు మధ్యాహ్నానికి నూరు. నూరు తగిలిన క్షణాన ఒక్క విభాగం కాదు, ఐదూ ఒక్కసారే ఆగిపోతాయి. రోగుల వివరాలు బయటికి పొక్కకూడదని ఆ గదికి బయటి ప్రపంచంతో తీగ లేదు, కాబట్టి ఇంట్లో కూర్చుని చేద్దామన్నా కుదరదు. ఆ కుర్చీలో కూర్చునే చెయ్యాలి.

లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. ఆయన ఒక్కరోజు మించి ఎక్కడికీ పోలేడు.

ఆయన భార్య ఎనిమిది గంటల బస్సు దూరంలో ఉన్న ఊళ్ళో, భూముల పటాలు గీసే కార్యాలయంలో పని చేస్తోంది. ఆమెకి ఇక్కడికి బదిలీ లేదు. కూతురికి పన్నెండేళ్ళు. నెలకో ఆదివారం ఆయన వెళ్ళి, అన్నం తిని, నాలుగు గంటలు కూర్చుని, తిరుగు బస్సు ఎక్కేవాడు. ఆ నాలుగు గంటల్లో కూడా చూపు గడియారం మీదే. ఒకసారి కూతురు పాట పాడి వినిపిస్తుంటే, ఆయన మనసులో తొంభై ఆరు పాయింటు రెండు అనుకుంటున్నాడు. పాట ఎలా ఉందని పిల్ల అడిగితే నీళ్ళు నమిలాడు. పిల్ల లేచెళ్ళి హోంవర్కు చేసుకుంది. తిరుగు బస్సులో ఆ మనిషి కిటికీ వైపు మొహం తిప్పుకొని ఏడ్చాడు.

కిందటేడు ఒకసారి తెగించాడు కూడా. తాడో పేడో తేలిపోవాలని ఒక మంగళవారం ఊడవడం మానేశాడు. ఎర్ర అక్షరాలు అందరి తెరల మీదా పడితే గానీ చూద్దాంగారికి చలనం రాదని ఆయన ధైర్యం. ఆగిపోనీ, ఓ పది నిమిషాలు ఆగిపోనీ. మంగళవారం తొంభై ఏడు. బుధవారం తొంభై తొమ్మిది. గురువారం పొద్దున చేతులు కట్టుకొని కుర్చీలో కూర్చున్నాడు. పదింటికి ఎందుకో ఉండబట్టలేక కిందికి దిగాడు. ఎక్స్‌రే గది బయట బెంచీ మీద, ఇటుకలు మోసే మనిషి ఒకడు నుజ్జయిన చేతిని తువ్వాల్లో చుట్టుకొని కూర్చున్నాడు. తువ్వాలు తడిసిపోయింది. వాడు అరవడం లేదు, తన వంతు ఎప్పుడా అని తలుపు వంక చూస్తున్నాడంతే.

ఎక్స్‌రే తీసే పెద్దాయన తలుపులోంచి తొంగిచూశాడు. "ఏం డిస్కులాయనా, ఇవాళ మా యంత్రం కాస్త ఈడుస్తోందేం?"

డిస్కులాయన వెనక్కి తిరిగాడు. రెండేసి మెట్లు ఎక్కుతూ గదిలోకి వచ్చిపడి మధ్యాహ్నం రెండింటిదాకా ఊడ్చాడు. తను మానేస్తే పీకల మీదికొచ్చేది చూద్దాంగారికి కాదు, తువ్వాలు చుట్టుకున్నవాడికి. ఆ సంగతి తెలిశాక మళ్ళీ ఆ ప్రయత్నం చెయ్యలేదు.

ఇదిగో, ఇలాంటి మనిషికి ఈ ఏడు ఒక తలుపు తెరుచుకుంది. భార్య ఉన్న ఊళ్ళో సాంకేతిక కళాశాలలో పాఠాలు చెప్పే ఉద్యోగానికి ఎప్పుడో పరీక్ష రాసి మర్చిపోయాడు. ఉత్తరం వచ్చింది. ఒకటో తారీకు సోమవారం. ఆ రోజు పది గంటలకల్లా చేరాలి, లేదంటే జాబితాలో తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తారు. ఇక్కడి నుంచి విడుదల కాగితం మాత్రం తప్పనిసరి. విడుదల కావాలంటే పెట్టెని ఇంకొకరికి అప్పజెప్పాలి, తీసుకున్నవాళ్ళు కాగితం మీద సంతకం పెట్టాలి.

చూద్దాంగారు చిత్రంగా వెంటనే ఒప్పుకున్నాడు. ఇంకో ఆసుపత్రి నుంచి ఒకావిడని పిలిపించాడు. తలుపు దగ్గరికేసి, గొంతు తగ్గించి ఒక్క మాట మాత్రం చెప్పాడు.

"ఆవిడకి కనిపించే లెక్క చెప్పు. ఉన్న లెక్క వద్దు."

"రేపు ఆవిడకి తెలియదా అండీ?"

"తెలిసేనాటికి సంతకం ఆవిడది. నువ్వు అక్కడుంటావు. నేను పధ్నాలుగు నెలల్లో రిటైరవుతాను. నీకేం నష్టమయ్యా?"

డిస్కులాయన తలాడించాడు. ఆడించకుండా ఉండాల్సింది. కానీ ఎనిమిది గంటల బస్సు, నాలుగు గంటల ఇల్లు, అలా ఏళ్ళు గడిపిన మనిషి తలని అంత గట్టిగా పట్టుకోమని మనం ఎలా చెబుతాం?

కొత్తావిడ వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. చేతిలో ఎప్పుడూ పసుపుపచ్చ చీటీల కట్ట. ఏం చెప్పినా చీటీ మీద రాసి ఎదురుగా అంటించేది. రెండు రోజుల్లో ఆ గది గోడ పసుపు పూసినట్టయింది, అటెండర్లు ఆవిడకి చీటీలమ్మ అని పేరు పెట్టేశారు. మనిషి చురుకు. మూడో రోజుకి డిస్కు మార్చడం నేర్చుకుంది, ఐదో రోజుకి ఆయన లేబుళ్ళలో ఒక తప్పు పట్టుకుంది. ఆయన నాలుక కరుచుకున్నాడు, తర్వాత సంతోషపడ్డాడు. ఏడేళ్ళలో ఆ లేబుళ్ళు చదివిన మొదటి మనిషి ఆవిడ.

"మా పాత చోట ఇంటికెళ్ళేసరికి పిల్లాడు నిద్రపోయేవాడు సార్," అంది ఒకరోజు, స్వెటరు చేతులు లాక్కుంటూ. "వాడికి రెండేళ్ళు. ఇక్కడ ఐదింటికి వెళ్ళిపోవచ్చుట కదా. చూద్దాంగారు చెప్పారు."

"ఆఁ... ఐదింటికి ఒక చిన్న పని ఉంటుందమ్మా. రోజూ ఊడవాలి."

"రోజూనా? ఎందుకు సార్?"

"అలవాటు చేసుకోండి. మంచిది."

ఆవిడ చీటీ మీద రాసుకుంది. రోజూ ఊడవాలి, ఎందుకు? రాసి సరిగ్గా ఆయన కుర్చీ ఎదుట, కళ్ళకి తగిలే ఎత్తులో అంటించింది. ఆ ఎందుకు అన్న మాట పది రోజులపాటు ఆయన ఎదుటే ఉంది. పొద్దున కూర్చున్నా అదే, సాయంత్రం లేచినా అదే. పీకి పారేద్దామని రెండుసార్లు చెయ్యి చాపాడు. ఆవిడ అడిగితే ఏం చెప్పాలో తెలియక వెనక్కి తీసుకున్నాడు.

మనసులో మాత్రం బేరాలు సాగాయి. ఆవిడ తెలివైంది, తనకంటే తొందరగా దారి కనిపెడుతుంది. ఆవిడ అర్జీ రాస్తే కమిటీ వింటుందేమో. తను ఇన్నేళ్ళు చేశాడు, ఇంకొకరు రెండేళ్ళు చేస్తే కొంపలు మునుగుతాయా? ఇలా ఆలోచిస్తుండగానే ఆవిడ సెల్‌ఫోన్లో పిల్లాడు ఏదో ముద్దుముద్దుగా వాగేవాడు. "వచ్చేస్తున్నానురా కన్నా" అని ఆవిడ అంటే, ఆయన లేచి అక్కర్లేకపోయినా కేబుళ్ళు సర్దేవాడు.

శనివారం వచ్చింది. ఒకటో తారీకుకి మధ్యలో ఒక్క ఆదివారమే. సాయంత్రం బస్సుకి టిక్కెట్టు జేబులో ఉంది. ఏడేళ్ళ సామాను ఒక సంచీలో పట్టేసింది: రెండు స్క్రూడ్రైవర్లు, టీ కప్పు, కూతురు గీసిన బొమ్మ. పొద్దున పదకొండింటికి అప్పగింత కాగితం మేజా మీద పెట్టాడు. ఐదు విభాగాలు, ఐదు అంకెలు, అడుగున మొత్తం నూట ముప్పై. ఆయన సంతకం అప్పటికే పెట్టేశాడు. పక్కన ఆవిడ పేరు కింద చోటు ఖాళీగా ఉంది.

ఆవిడ పెన్ను తీసింది. కాగితం చదవనైనా లేదు.

"చదవండమ్మా," అన్నాడు.

"మీరు చూశాక నేను చూసేదేముంది సార్? ఈ మూడు వారాల్లో మీ పని చూశాను కదా. కేబులుకి రెండు వైపులా లేబులు అంటించే మనిషిని నేను మళ్ళీ పరీక్షించాలా?"

ఆవిడ వంగి, తన పేరులో మొదటి అక్షరం రాసింది. ఆయన చెయ్యి వెళ్ళి కాగితం మీద పడింది. తనే వేశాడా, దానంతటది పడిందా అని అడిగితే ఆయన కూడా చెప్పలేడు.

"ఆగండమ్మా. నూట ముప్పై లేదు."

"అంటే?"

"ఉన్నది నలభై ఎనిమిది. మిగతాదంతా తెర మీద చూపించినదే, నిజంగా లేదు. అందులో నలభై ఐదున్నర నిండిపోయింది. ఊడవకపోతే మూడు రోజుల్లో మొత్తం ఆగిపోతుంది. అందుకే రోజూ ఊడవాలి."

ఆవిడ చీటీ తీసి లెక్క వేసుకుంది. ఇంకో చీటీ మీద మళ్ళీ వేసుకుంది. పెన్నుకి మూత పెట్టింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడేళ్ళు దాటింది."

"మూడు వారాలు నా పక్కన కూర్చున్నారు సార్ మీరు. టీ తాగాం. మా పిల్లాడి ఫోటోలు చూశారు. ఒక్కసారి కూడా నోరు మెదపలేదు."

"అవునమ్మా."

"ఇవాళ కూడా చెప్పకుండా పోదామనే కదా?"

"అవును," అన్నాడు. అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కోపంతో వచ్చినవి, జాలి అందులో ఇసుమంతైనా లేదు. "నేను సంతకం పెట్టను. ఎందుకు పెట్టకూడదో మీరే చెప్పారు. నన్ను మా పాత చోటికే పంపమని ఇప్పుడే రాసిస్తాను. మీరు ఆ కాగితం మీద ఉన్న లెక్క రాయండి. మీ చేత్తోనే రాయండి."

ఆయన నూట ముప్పై కొట్టేసి, కింద నలభై ఎనిమిది అని రాశాడు. మొత్తం సంగతి ఆరు వాక్యాల్లో రాశాడు. ఇన్నేళ్ళుగా తొమ్మిది అర్జీల్లో రాయలేకపోయింది ఆరు వాక్యాలే. ఆవిడ తన చీటీలన్నీ గోడ మీంచి ఒలిచి సంచీలో వేసుకుంది. ఎందుకు అన్న చీటీ కూడా తీసేసింది. వెళ్ళేటప్పుడు థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

చూద్దాంగారు కాగితం చదివి కళ్ళజోడు తీశాడు. "పిచ్చా వెర్రా నీకు? ఒక్క నిమిషం నోరు మూసుకుంటే బయటపడేవాడివి కదయ్యా!"

"అవునండీ."

"ఇప్పుడు నిన్నెలా వదలను? తీసుకునే మనిషి లేదు. దీన్ని పైకి పంపితే విచారణ వేస్తారు, అది తేలేదాకా నిన్ను కదలనివ్వరు. పంపకపోతే నువ్వు మామూలుగా ఊడుస్తూ ఉండు. నా పధ్నాలుగు నెలలు గడవనీ. చెప్పు, పంపనా?"

"పంపండి," అన్నాడు డిస్కులాయన.

ఆ జవాబు వస్తుందని చూద్దాంగారు కలలో కూడా అనుకోలేదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు, మడిచాడు, సొరుగు తెరిచాడు.

"చూద్దాం," అన్నాడు, సొరుగు మూస్తూ.

మధ్యాహ్నం మూడున్నరకి డిస్కులాయన మెట్ల మీదికొచ్చాడు. ఆ గదిలోంచి ఈ మాటలు మాట్లాడబుద్ధి కాలేదు. కళాశాల వాళ్ళకి ముందు చేశాడు. గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు: విడుదల కాగితం లేకుండా చేర్చుకోరట, సోమవారం పదింటి తర్వాత తర్వాతి పేరు పిలుస్తారట. తర్వాత ఇంటికి చేశాడు. మొదటి గంటకే భార్య ఎత్తింది.

"బస్సు ఎన్నింటికి?" అంది.

"కుదరలేదు."

"ఆవిడ రాలేదా?"

"వచ్చింది. సంతకం పెట్టబోయింది. నేనే ఆపాను." ఎందుకు ఆపాడో చెప్పాడు. చూద్దాంగారి సొరుగు సంగతి కూడా చెప్పాడు.

"చెప్పకపోతే పెట్టేసేదా?"

"పెట్టేసేది."

"సోమవారం ఇద్దరం కలిసి పిల్లని బళ్ళో దింపేవాళ్ళం."

"ఊఁ."

"ఆవిడ పిల్లాడికి రెండేళ్ళన్నారు కదూ మీరు మొన్న?"

"రెండేళ్ళు."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. "మంచిపనే చేశారు," అంది. అలా అనడం ఆమెకి ఎంత కష్టమైందో ఆయనకి తెలుసు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

తర్వాత ఆమె మామూలు గొంతుతోనే మాట్లాడింది. "మన గదిలో బీరువా ఉంది కదండీ. ఎడమవైపు సగం మీకని ఖాళీగా ఉంచాను. మీరొస్తున్నారని ఇప్పుడు తీసింది కాదు, మేం ఈ ఇంట్లోకి వచ్చిన రోజు నుంచీ అంతే. మీకెప్పుడూ చెప్పలేదు. మీరు సంచీ కుర్చీ మీద పెట్టుకొని, అక్కడి నుంచే తీసుకొని వెళ్ళిపోయేవారు."

ఆయన ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"పిల్ల బట్టలు మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. అడిగినప్పుడల్లా అది నాన్నది, ముట్టుకోకు అంటూ వచ్చాను. పెద్దదవుతోంది పాపం. ఇవాళ సర్దేస్తానండీ."

"సర్దు," అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టెయ్యకుండానే ఎక్కడో పెట్టినట్టుంది. అట్టపెట్టె నేల మీద ఈడ్చిన చప్పుడు వచ్చింది. బీరువా తలుపు కిర్రుమంది.

"ఈ వైపు నాకేనా? నిజంగా?" కూతురి గొంతు.

"నీకే."

"మొత్తమా?"

"మొత్తం."

పిల్ల కేరింత కొట్టింది. హ్యాంగర్లు టకటకమన్నాయి. పై అరలో పుస్తకాలు, కింద అరలో చెప్పులు అని తల్లికి పురమాయిస్తోంది. ఆయన ఫోన్ చెవికి ఆనించుకొని, ఆ అరలు ఒక్కొక్కటే నిండుతుంటే, మెట్ల మీద నిలబడి విన్నాడు. ఐదు కావస్తుండగా ఫోన్ జేబులో పెట్టుకొని, స్వెటరు తొడుక్కొని, ఊడవడానికి లోపలికి వెళ్ళాడు.